ఒకే రంగు బొమ్మ: లేమికీ ఎంపికకూ మధ్య

సంక్షిప్తంగా: ఒకే రంగులో ఉన్న బొమ్మకు అర్థం ఆ రంగు నుంచి వచ్చేది కొంతే. మిగతా రంగులు అప్పుడు అందుబాటులో ఉన్నాయా, ఉండీ వదిలేశారా అన్న దాన్నుంచి వచ్చేదే ఎక్కువ. రంగులను తీసేసిన చోట వాటి పనిని గీత, వెలుగునీడల తేడా, ఉపరితలపు నునుపు గరుకులు పంచుకోవాలి. అవి పంచుకోలేని చోట బొమ్మ తడబడుతుంది. కలంకారీ గుడ్డ మొదలుకొని ఓటింగ్ యంత్రం మీది గుర్తుల వరకు, యూరప్ గ్యాలరీల నుంచి ఫోన్ తెర వరకు ఇది ఎలా పనిచేస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

భారతీయ చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే 1961లో నీలం ఛాయల్లో వేసిన, పేరు పెట్టని ఒక తైలవర్ణ చిత్రం 2021 మార్చిలో జరిగిన వేలంలో 39.98 కోట్ల రూపాయలు పలికింది. మనిషి లేడు, చెట్టు లేదు, కథ లేదు, ఉన్నదంతా నీలమే అయినప్పుడు అందులో అంత ఏముందన్న సందేహం ఇలాంటి వార్త వెలువడిన ప్రతిసారీ తలెత్తుతుంది. 2024 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 18, ఐఫోన్ తెర మీది ఐకాన్లన్నింటికీ ఒకే రంగు పూసుకునే వీలు కల్పించినప్పుడు మరో రకం ఇబ్బంది ఎదురైంది. అంతకాలం రంగును బట్టి వేలు దానంతటదే వెళ్లి నొక్కిన యాప్‌ను ఇప్పుడు వెతుక్కోవలసి వస్తుంది. ఒకటి కళకు, ఇంకొకటి వాడకానికి సంబంధించిన ప్రశ్నలా కనిపించినా రెండింటి మూలం ఒక్కటే: రంగులను తీసేస్తే బొమ్మలో ఏం మిగులుతుంది, ఆ మిగిలినదానికి ఎంత బలం ఉంటుంది?

లేని రంగు, వదులుకున్న రంగు

ఏకవర్ణ చిత్రం అంటే ఒకే రంగునూ, దాని ముదురు లేత ఛాయలనూ మాత్రమే వాడి చేసిన బొమ్మ. నలుపు తెలుపు ఫొటో, నీలి గీతల పింగాణీ, ఎర్రమట్టి గోడ మీద తెల్ల పిండితో వేసిన బొమ్మ, ఈ చివర నుంచి ఆ చివర వరకు ఒకే నీలం పూసిన కాన్వాసు అన్నీ ఈ కోవలోకే వస్తాయి. మోనోక్రోమ్ అన్న మాట వీటన్నింటికీ చెల్లుతుంది కానీ, అన్నింటినీ ఒకే గాటన కట్టడంతోనే అసలు అయోమయం మొదలవుతుంది.

1950ల నాటి పెళ్లి ఫొటో నలుపు తెలుపులో ఎందుకుందని ఎవరూ అడగరు. రంగుల ఫిల్ము ఖరీదైన, అరుదైన రోజులవి. ఇప్పటి పెళ్లి ఆల్బమ్‌లో నాలుగు వందల రంగుల ఫొటోల మధ్య తలంబ్రాల ఫొటో ఒక్కటీ నలుపు తెలుపులో ఉంటే, అది అలా ఎందుకుందన్న ప్రశ్న చూసేవారి మనసులో వెంటనే పుడుతుంది. ఫొటోగ్రాఫరు కోరుకున్నదీ అదే. రెండింటిలోనూ ఉన్నది ఒకే బూడిదరంగు. మొదటిది కాలానికి గుర్తు, రెండోది ఉద్దేశానికి గుర్తు. రంగు చవకైన కొద్దీ రంగు లేకపోవడానికి విలువ పెరుగుతూ వచ్చిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

కంటికి మిగిలేది

రంగు తీసేయడమంటే సమాచారాన్ని తగ్గించడమే. ఎంత తగ్గుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. రంగుల చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చడానికి టెలివిజన్ ప్రమాణాల్లో స్థిరపడిన ఒక పద్ధతి ప్రకారం, ప్రతి బిందువులోని ఎరుపును 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కూడుతారు. మనిషి కన్ను ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా, నీలాన్ని అతి తక్కువగా పట్టుకుంటుంది కాబట్టి ఈ అంకెలు ఇంత ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

పండు మిరపకాయ, దాని పక్కన ఆకు ఉన్న ఫొటోను తీసుకుందాం. 0 నుంచి 255 దాకా ఉండే కొలమానంలో కాయ రంగు ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 30 అనుకుంటే బూడిద విలువ దాదాపు 81 వస్తుంది. ఆకు రంగు ఎరుపు 50, ఆకుపచ్చ 110, నీలం 40 అయితే దాని విలువ 84. రంగుల్లో ఆమడ దూరం నుంచి తెలిసిపోయే తేడా, నలుపు తెలుపులో మూడు అంకెలకు కుదించుకుపోయింది. కాయ ఆకులో కలిసిపోతుంది. దాన్ని మళ్లీ విడదీయాలంటే ఫొటోగ్రాఫరు కాయ మీద పక్కనుంచి వెలుగు పడేలా చూసి ఆ నిగనిగను పట్టుకోవాలి, లేదా కటకానికి రంగు ఫిల్టరు తగిలించాలి. ఎర్ర ఫిల్టరు పెడితే కాయ లేతబడి ఆకు నల్లబడుతుంది. అంటే ఏకవర్ణంలో మంచి బొమ్మ రావాలంటే తీసేవారు రంగులను మరింత నిశితంగా ఎరిగి ఉండాలి.

తొలినాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించేదే కాదు. ఎర్రటి పెదవులు నల్లగా, నీలాకాశం తెల్లగా పడేవి. నటులకు వేసే రంగు కంటికి ఎలా ఉందన్నది కాక ఫిల్ము మీద ఎలా పడుతుందన్నదే లెక్కలోకి వచ్చేది. అన్ని రంగులనూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ము 1920ల చివరికి సినిమాల్లో స్థిరపడిన తర్వాతే ఈ చిక్కు తగ్గింది.

1957 నాటి ‘మాయాబజార్’ను 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు ఈ తేడా తెలుగు ప్రేక్షకుల కళ్ల ముందుకే వచ్చింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే ఆ చిత్రంలో వెలుగును అమర్చింది బూడిద ఛాయల మెట్లను దృష్టిలో ఉంచుకొని. అక్కడ చూపును ముఖం మీద నిలిపేది వెలుగు ఒక్కటే. రంగు చేర్చగానే పట్టుచీర, నగలు, గోడలు కూడా చూపు కోసం పోటీకి దిగుతాయి. ఏది బాగుందన్నది అభిరుచి. ఒకే సన్నివేశంలో చూపు నడిచే దారి మాత్రం రెండింటిలో రెండు రకాలు.

సరుకు తేల్చిన రంగు

ఏకవర్ణ సంప్రదాయాల్లో చాలావాటికి పుట్టుక బట్టీలోనో, తొట్టిలోనో ఉంది. తాత్వికత తర్వాత వచ్చి చేరింది. చైనాలోని జింగ్‌డెజెన్ బట్టీల్లో 14వ శతాబ్దంలో విస్తరించిన నీలి పింగాణీ ఇందుకు పెద్ద ఉదాహరణ. పచ్చి పాత్ర మీద కోబాల్టుతో బొమ్మ వేసి, పైన గాజుపూత పూసి, సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చేవారు. ఆ వేడికి తట్టుకొని నిలిచే వర్ణకాలు చాలా తక్కువ. రాగితో వచ్చే ఎరుపు బట్టీ దయ మీద ఆధారపడేది, కోబాల్టు నీలం మాత్రం నమ్మకంగా నిలిచేది. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ కుమ్మరులు ఆ పాత్రలను అనుకరించారు. వారు వాడిన తగరపు పూత తక్కువ వేడిలోనే కాలేది కాబట్టి పసుపు, ఆకుపచ్చ కూడా వారికి సాధ్యమే. అయినా వారు నీలాన్నే ఎక్కువగా పట్టుకున్నారు, ఎందుకంటే అప్పటికి నీలమంటే చైనా సరుకు, చైనా సరుకంటే గొప్పింటి వస్తువు. ఒకచోట గత్యంతరం లేక మిగిలిన రంగు మరోచోట హోదాకు చిహ్నమైంది.

శ్రీకాళహస్తి కలంకారీలో నలుపుది కూడా రసాయనం చెప్పిన కథే. గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు గుడ్డకు పడుతుంది, పాలలోని కొవ్వు సిరా పాకకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రవమే కసిమి. వెదురు కలానికి చుట్టిన నూలు ఉండను కసిమిలో ముంచి, వేళ్లతో నొక్కుతూ గీస్తారు. గీత పడిన క్షణంలో పలచగా ఉండి, కళ్ల ముందే నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసిన ఫలితమది. ఎరుపు, పసుపు, నీలం ఆ తర్వాత, ఒక్కోటి ఒక్కో ఉతుకు దాటి వస్తాయి. అవేవీ రాకముందే నల్ల గీతల్లో దేవుడి కనుబొమ్మ వంపు, నగ మీది చుక్క అన్నీ తేలిపోయి ఉంటాయి. కలంకారీకి రంగులు శోభ. బొమ్మ నిలబడేది ఆ నలుపు మీదే.

ఇంజనీర్ల నీలం కథ ఇంకా క్లుప్తమైనది. జాన్ హెర్షెల్ 1842లో ఇనుప లవణాలతో కనిపెట్టిన సయనోటైప్ పద్ధతిలో ఎండ తగిలిన చోట కాగితం నీలమవుతుంది, కడిగితే మిగతాది తెల్లగా తేలుతుంది. పటాలకు నకళ్లు తీయడానికి చవకైన దారి కావడంతో కార్యాలయాల్లో స్థిరపడింది. ఆ కాగితాలు పోయి చాలా కాలమైనా ఏ ప్రాజెక్టు ప్రణాళికనైనా బ్లూప్రింట్ అనే తెలుగు వార్తాపత్రికలు రాస్తున్నాయి.

బూడిదరంగు మౌనం

యూరప్ చర్చి చిత్రాల్లో రంగును కావాలని దాచే పద్ధతి ఒకటుంది. బూడిద ఛాయలతో మాత్రమే వేసే ఆ చిత్రాలను గ్రిజై అంటారు. బెల్జియంలోని గెంట్ నగరంలో, 1432లో పూర్తయిన వాన్ ఐక్ సోదరుల బలిపీఠ చిత్రానికి తలుపులున్నాయి. తలుపులు మూసినప్పుడు బయట కనిపించే ఇద్దరు సెయింట్ జాన్‌లు రాతి విగ్రహాల్లా బూడిదరంగులో ఉంటారు. పండుగ నాడు తలుపులు తెరిస్తే లోపలి ఎరుపు, ఆకుపచ్చ, బంగారం ఒక్కసారిగా బయటపడతాయి. బయటి బూడిదకు అర్థమిచ్చేది లోపలున్న రంగే.

పికాసో 1937లో గెర్నికా పట్టణం మీద బాంబు దాడి గురించి వేసిన, ఏడున్నర మీటర్లకు పైగా పొడవున్న చిత్రం నలుపు, తెలుపు, బూడిద ఛాయల్లోనే ఉంది. దాడి వార్త ప్రపంచానికి చేరింది వార్తాపత్రికల నలుపు తెలుపు ఫొటోలతో. రక్తాన్ని ఎర్రగా చూపి ఉంటే చూపు గాయాల దగ్గరే ఆగిపోయేది. ఇక్కడ మాత్రం అరుస్తున్న గుర్రమూ, బిడ్డను ఎత్తుకున్న తల్లీ, విరిగిన కత్తీ ఒకే స్థాయిలో సాక్ష్యం చెబుతున్నట్టుగా కనిపిస్తాయి.

కాన్వాసంతా ఒకే రంగు

బొమ్మే లేకుండా ఒకే రంగు పూసిన కాన్వాసు సాధారణ పాఠకుడిని ఎక్కువగా తికమక పెట్టేది. తమాషా ఏమిటంటే, ఆ ఆలోచన హాస్యంగా ముందే వచ్చింది. ఫ్రెంచి హాస్య రచయిత అల్ఫోన్స్ అలే 1897లో ప్రచురించిన ఆల్బమ్‌లో ఉత్త తెల్ల కాగితం ఒకటుంది. మంచు కురిసే వేళ పాలిపోయిన బాలికల తొలి ప్రభుభోజనం అని దానికి శీర్షిక. నవ్వు తెప్పించేది కాగితం కాదు, శీర్షిక. కాజిమిర్ మలేవిచ్ 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్ ప్రదర్శనలో తెల్లని నేపథ్యం మీద నల్ల చతురస్రాన్ని గది మూల పైభాగంలో వేలాడదీశాడు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉండే చోటది. నల్ల చతురస్రానికి సగం అర్థం దాన్ని తగిలించిన చోటు నుంచే వచ్చింది. అలెగ్జాండర్ రోద్చెంకో 1921లో ఎరుపు, పసుపు, నీలం మూడు కాన్వాసులను వేరువేరుగా పెట్టి చిత్రకళ ఇక్కడితో సమాప్తమన్నాడు. మలేవిచ్‌కు ఏకవర్ణం ఆరంభం, రోద్చెంకోకు ముగింపు. నడుమ గడిచింది ఆరేళ్లే.

ఫ్రెంచి చిత్రకారుడు ఈవ్ క్లైన్ విషయంలో నిర్ణాయకమైనది రంగు కన్నా జిగురు. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలం పొడిగా ఉన్నప్పుడు కనిపించే తేజస్సు నూనెలో కలపగానే మసకబారుతుంది, ఎందుకంటే నూనె ప్రతి రేణువునూ కప్పేసి వెలుగు తిరిగివచ్చే తీరును మార్చేస్తుంది. పారిస్‌లో రంగులమ్మే ఎడువార్ ఆడాం సాయంతో ఆయన ఒక కృత్రిమ రెజిన్‌ను ఎంచుకున్నాడు. అది రేణువులను అంటిస్తుంది కానీ ముంచెత్తదు. ఫలితంగా ఉపరితలం ఇప్పుడే చల్లిన పొడిలా ఉంటుంది. 1957లో మిలాన్‌లో ఒకే కొలతల నీలి కాన్వాసులు 11 ప్రదర్శించి, 1960లో ఆ మిశ్రమాన్ని ఫ్రాన్స్‌లో సొలో కవరు ద్వారా నమోదు చేయించాడు. ఇది నీలం మీద పేటెంటని తరచూ రాస్తుంటారు. అది సృష్టించిన తేదీకి రుజువు మాత్రమే. ముద్రిత పుస్తకంలో క్లైన్ నీలం మామూలు నీలంలాగే ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ గరుకుదనం కాగితం మీదికి రాదు.

గాయ్‌తోండే దారి వేరు. ఆయన రోలరుతో, పాలెట్ కత్తితో రంగును పొరలు పొరలుగా పరిచి, కొంత గీకి, కొంత తుడిచి, కింది పొర వెలుగు పైకి ఉబికేలా చేశాడు. దూరం నుంచి ఒకే నీలంలా ఉన్నది దగ్గరికి వెళ్తే పదుల నీలాలుగా విడిపోతుంది. కోట్ల ధర వెనుక అరుదుదనం, సంపన్నుల పోటీ, మార్కెట్ ఊపు తప్పక ఉన్నాయి. ఎవరైనా వేయగలరన్న వాదన మాత్రం ఆ ఉపరితలం ముందు నిలవదు. అదే వాదన రోద్చెంకో ఎరుపు మీద చేస్తే, ఎవరైనా వేయగలగాలన్నదే అక్కడ ఉద్దేశం కాబట్టి, అది విమర్శగా పనికిరాదు.

ఇక రంగుకు సహజంగా ఉండే అర్థమన్నది ప్రాంతాన్ని బట్టి మారిపోతుంది. తెలుగు పెళ్లిలో అంచున్న తెల్లని మధుపర్కాలు మంగళకరం. అదే తెలుపు, అంచు లేకపోతే, నిన్నటి తరాల దాకా వైధవ్యానికి గుర్తు. తేడా తెలుపులో లేదు, అంచులో ఉంది.

బ్యాలెట్ మీద కారు, రోలరు

ఏకవర్ణ రూపకల్పనకు దేశంలో అత్యంత కఠినమైన పరీక్ష ఓటింగ్ యంత్రం మీద జరుగుతుంది. లోక్‌సభకు తెల్ల కాగితం, శాసనసభకు గులాబీ కాగితం, రెండింటి మీదా గుర్తులు నల్ల సిరాతోనే. చదువు రానివారు కూడా, కంటిచూపు తగ్గినవారు కూడా, కొన్ని క్షణాల్లో వేలెడంత బొమ్మను గుర్తుపట్టాలి.

తెలంగాణలో కారు గుర్తు చుట్టూ నడిచిన వివాదాన్ని ఈ కోణంలో చూస్తే సమస్య సాంకేతికంగా అర్థమవుతుంది. రోడ్డు రోలరు, చపాతీ రోలరు వంటి గుర్తులు తమ కారును పోలి ఉన్నాయని, ఓటర్లు పొరబడుతున్నారని తెరాస, తర్వాత భారాస అభ్యంతరం చెబుతూ వచ్చాయి. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలరు గుర్తు కేటాయింపు పెద్ద గొడవైంది. 2023 అక్టోబరులో ఇదే అభ్యంతరం సుప్రీంకోర్టుకు వెళ్లగా కోర్టు జోక్యానికి నిరాకరించింది. ఓట్లు నిజంగా ఎన్ని అటు మళ్లాయన్నది వేరే చర్చ. రోడ్డు మీద కారునూ రోలరునూ ఎవరూ కలగలపరు, ఎందుకంటే పరిమాణం, రంగు, కదలిక, చప్పుడు అన్నీ వేరు. నాలుగూ తీసేసి, రెండింటినీ పక్కనుంచి నల్ల గీతల్లో గీసి, ఒకే గడిలో ఇరికిస్తే మిగిలేది చక్రాల మీద పెట్టె. అప్పుడు బయటి ఆకారం ఒక్కటే దిక్కు. అది పోలితే లోపలి వివరాలు ఆ కొలతలో ఆదుకోవు. 2025 సెప్టెంబరులో బిహార్ ఎన్నికలతో మొదలుపెట్టి అభ్యర్థుల ఫొటోలను రంగుల్లో ముద్రించాలని ఎన్నికల సంఘం నిర్ణయించడం ఈ లోటును పూడ్చే ప్రయత్నాల్లో ఒకటి.

ఇదే పరీక్షను మామూలు లోగో కూడా ఎదుర్కొంటుంది. రబ్బరు స్టాంపు మీద, జిరాక్సులో, గ్రానైట్ శిలాఫలకం మీద నిలవని లోగో రంగుల బోర్డు మీద ఎంత మెరిసినా సగమే పూర్తయినట్టు. ప్రెస్సుల్లో సింగిల్ కలర్ పనికి ఇంకో సుఖం ఉంది. నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి తప్పకుండా ఒకదానిపై ఒకటి కూర్చోవాలి, కదిలితే అక్షరాలకు నీడలు పడతాయి. ఒకే ప్లేటైతే ఆ బాధ లేదు. పసుపు, గులాబీ కాగితాల మీద నల్ల సిరాతో వచ్చే కరపత్రాలు ఒక రంగు ఖర్చుతో రెండు రంగుల హడావుడి చేసే పాత ఉపాయం.

నేల సంగతి మరవకూడదు. కళ్ళాపి చల్లిన తడి మట్టి మీద తెల్లని ముగ్గు దూరం నుంచి కూడా తెలుస్తుంది. అదే పిండి, అదే చుక్కల లెక్క లేతరంగు టైల్సు మీద వేస్తే ఆనవాలు దొరకదు. ఒకే రంగుతో పని చేసేవారికి రెండో రంగు ఎప్పుడూ ఆ నేలే.

ఫోన్ తెర మీద

ఆండ్రాయిడ్ 13 కూడా 2022లోనే యాప్‌ల ఐకాన్లను వాల్‌పేపరు రంగుకు అనుగుణంగా ఒకే ఛాయలోకి మార్చే వీలిచ్చింది. తెర చూడ్డానికి పొందికగా ఉంటుంది, వెతకడం నెమ్మదిస్తుంది. చుట్టూ ఉన్నవాటికి భిన్నమైన రంగున్న వస్తువు గుంపులో ఎన్ని ఉన్నా కంటికి దూకినట్టు కనిపిస్తుంది. ఆకారంలో మాత్రమే తేడా ఉన్నదాన్ని దాదాపు ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవాలి. ఐకాన్లలో చాలావరకు గుండ్రని పెట్టెలో ఒక చిన్న గీత అయినప్పుడు కష్టం ఇంకా పెరుగుతుంది. ఫోన్ వాడకం తగ్గించుకోవాలనుకునేవారు తెరను గ్రేస్కేల్‌లో పెట్టుకోవడం వెనుక ఉన్నది కూడా ఇదే సూత్రం. నోటిఫికేషన్ చుక్క ఎరుపు పోతే అది పిలవడం మానేస్తుంది.

మరో వైపు, రంగు మీదే ఆధారపడిన తెర రంగులను వేరుచేసి చూడలేనివారికి మూసుకుపోతుంది. యూరప్ సంతతి పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఈ సమస్య ఏదో ఒక మేర ఉంది. అందుకే వెబ్ ప్రమాణాలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5 కు 1 నిష్పత్తిలో ఉండాలంటాయి. అనుభవమున్న డిజైనర్లు ముందుగా బూడిదరంగులో పని పూర్తిచేసి ఆ తర్వాతే రంగు వేసేది ఈ కారణంగానే. కలంకారీ పనివాడి వరసా అదే.

రంగు మీద హక్కు

ఒకే రంగుకు ఇంత గుర్తింపు శక్తి ఉన్నప్పుడు దాని మీద హక్కు కోసం పోటీ తప్పదు. అతి నల్లని పూతల్లో ఒకటైన వాంటాబ్లాక్‌ను కళలో వాడే ప్రత్యేక హక్కు 2016లో శిల్పి అనీశ్ కపూర్‌కు దక్కినప్పుడు తోటి కళాకారులు తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. బదులుగా స్టూవర్ట్ సెంపుల్ అనే బ్రిటిష్ కళాకారుడు తాను చేసిన గులాబీ రంగును కపూర్‌కు తప్ప అందరికీ అమ్మకానికి పెట్టాడు.

న్యాయస్థానం ఈ విషయాన్ని సూటిగా తేల్చిన సందర్భం చెప్పుల వ్యాపారంలో వచ్చింది. ఎర్ర అడుగులతో పేరుపడ్డ క్రిస్టియన్ లూబుటాన్ సంస్థ, అడుగుతో సహా మొత్తం ఎర్రగా ఉన్న బూట్లు అమ్మిన ఈవ్ సాన్ లోరాన్ మీద అమెరికాలో దావా వేసింది. 2012 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ఎర్ర అడుగును ట్రేడ్‌మార్కుగా గుర్తిస్తూనే ఒక షరతు పెట్టింది: బూటు పైభాగం మరో రంగులో ఉన్నప్పుడే ఆ రక్షణ వర్తిస్తుంది. పైనా కిందా ఒకే ఎరుపైతే అడుగు విడిగా కనిపించదు కాబట్టి, మొత్తం ఎర్రగా ఉన్న ఆ బూట్లు అమ్ముకోవడానికి అడ్డు లేకుండా పోయింది.